గేటు బయట అమ్మలు

పొద్దున్నే అయిదుంబావుకి దిల్‌సుఖ్‌నగర్ ఎలా ఉంటుందో మీలో ఎంతమందికి తెలుసు? పగలంతా కాలు పెట్టే సందు లేకుండా ఉండే ఆ మెయిన్ రోడ్డు, ఆ వేళకి ఎంత విశాలంగా కనిపిస్తుందో! మెట్రో పిల్లర్ల కింద పాలవాళ్ళు ప్యాకెట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటారు. విజయవాడ వైపు నుంచి రాత్రంతా ప్రయాణం చేసొచ్చిన బస్సుల్లోంచి జనం కళ్ళు నులుముకుంటూ దిగుతుంటారు. ఇడ్లీబండి ఆవిడ అప్పుడే స్టవ్ వెలిగిస్తూ ఉంటుంది. రెండేళ్ళుగా ఆ వేళకి నేనూ ఆ రోడ్డు మీదే ఉంటున్నాను. కథలు వెతుక్కోవడానికి కాదండోయ్! మా అమ్మాయిని స్కూటీ మీద గ్రౌండ్‌కి తీసుకెళ్ళడానికి.

మా అమ్మాయి తొమ్మిదో క్లాసు. 400 మీటర్ల పరుగు నేర్చుకుంటోంది. గ్రౌండ్ పేరు చెప్పను, చెప్పినా ప్రయోజనం లేదు. నేను చూసిన గ్రౌండ్‌లన్నీ ఇంచుమించు ఇలాగే ఉన్నాయి. పిల్లలు లోపలికి వెళ్ళిపోతారు. గేటు బయట మేం మిగులుతాం... అమ్మలం. స్కూటీ సీట్ల మీద, ప్రహరీ గోడ దిమ్మెల మీద, ఒక్కోసారి చెప్పులు కింద వేసుకుని వాటి మీద కూర్చుంటాం. ఒకావిడ చిక్కుడుకాయలు తెచ్చుకుని ఈనెలు తీస్తుంది. ఒకావిడ ఫోన్‌లో విష్ణుసహస్రనామం పెట్టుకుంటుంది. ఇంకొకావిడ గోడకి తల ఆనించి నిద్రపోతుంది. పాపం, రాత్రి షిఫ్టు నుంచి భర్త ఇంటికొచ్చేసరికి పదకొండున్నర అవుతుందిట. ఏడింటికి పిల్లలు చెమటలు కారుతూ బయటికొస్తారు. మళ్ళీ పరుగు మొదలు. ఈసారి మాది! టిఫిన్లు, డబ్బాలు, స్కూలు బస్సు.

ఆ మధ్య ఒకరోజు వెళ్ళేసరికి గేటుకి తాళం వేసి ఉంది. వాచ్‌మన్ కుర్చీలోంచి లేవకుండానే "రేపు మీటింగుందమ్మా, మూడ్రోజులు బందు" అన్నాడు. లోపల లారీ దిగుతోంది. షామియానా గుంజల కోసం ట్రాకు పక్కన గుంతలు తవ్వుతున్నారు. పిల్లలందరూ గేటు ఊచలు పట్టుకుని చూస్తున్నారు. నాలుగో రోజు మళ్ళీ వెళ్ళాం. గుంతలు పూడ్చలేదు. మట్టిలో మేకులు, పగిలిన గాజుపెంకులు, నీళ్ళ ప్యాకెట్లు. ఒక పిల్ల కాలికి మేకు దిగింది. టెటనస్ ఇంజక్షన్ చేయించుకుని పదిరోజులు ఇంట్లో కూర్చుంది.

ఇంటికొస్తూ మా అమ్మాయి వెనకనుంచి అడిగింది. "అమ్మా, ఇది గ్రౌండా, ఫంక్షన్ హాలా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. నిజమే, స్టేడియం అంటే ఏమిటి? అది ఎవరిది? ఊళ్ళో దానికి పనేమిటి? ఇంటికొచ్చి పప్పు పొయ్యిమీద పడేసినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే ఈ నాలుగు మాటలూ.

ఒకే పేరు, రెండు చోట్లు

మేముండే చోటుకి కాస్త అవతల ఎల్.బి. నగర్. ఊరి నడిబొడ్డున, బషీర్‌బాగ్ దగ్గర ఎల్.బి. స్టేడియం. రెండింటికీ ఒకే మనిషి పేరు... లాల్ బహదూర్ శాస్త్రి. "ఎల్బీనగర్, ఎల్బీనగర్" అని కండక్టర్లు కేకలు పెడుతుంటే రోజూ వినే మనలో ఎంతమందికి ఆ పొట్టి మనిషి గుర్తొస్తాడు చెప్పండి? 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయారు. ఆ మరుసటి ఏడాది, 1967లో మన నగరం తన పెద్ద మైదానానికి ఆయన పేరు పెట్టుకుంది.

అంతకు ముందు దాని పేరు ఫతేమైదాన్. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండని ముట్టడించినప్పుడు మొగలు సైనికులు అక్కడ డేరాలు వేసుకున్నారట. కోట వశమయ్యాక గెలుపుకి గుర్తుగా ఫతేమైదాన్ అన్నారట. నిజాముల కాలంలో అక్కడ పోలో ఆడేవాళ్ళు. అంటే సైన్యం పోయి గుర్రాలొచ్చాయి, గుర్రాలు పోయి క్రికెట్టొచ్చింది. 1955 నవంబరులో న్యూజిలాండ్ మీద జరిగిన టెస్టులో పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు చేసింది అక్కడే. మన దేశం తరఫున టెస్టుల్లో అదే మొదటి డబుల్ సెంచరీ.

1999 నవంబరు 8 నాకు బాగా గుర్తు. అప్పుడు మేం సూర్యాపేటలో ఉండేవాళ్ళం. సచిన్ 186 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు, ద్రావిడ్ 153. ఇద్దరూ కలిసి 331 పరుగులు! ఆ రోజు మా ఇంట్లో టీవీ ముందు వీధి వీధంతా కూర్చుంది. అమ్మ మాత్రం వంటింట్లోంచి మూడుసార్లు అందరికీ టీ పెట్టి పంపింది. ఆవిడ ఒక్క బంతి కూడా చూసినట్టు నాకు గుర్తులేదు.

ఇవన్నీ మగవాళ్ళ కబుర్లు. పేపర్లలోనూ టీవీల్లోనూ ఎన్నోసార్లు చెప్పారు. ఎవరూ పెద్దగా చెప్పనిది ఇంకొకటుంది. 1978 జనవరిలో మహిళల క్రికెట్ ప్రపంచ కప్పు మన దేశంలో జరిగింది. నాలుగే జట్లు: ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, న్యూజిలాండ్, మనం. కప్పు ఎవరిదో తేల్చిన చివరి మ్యాచ్ జనవరి 13న ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ ఆడవాళ్ళ మధ్య జరిగింది. ఎక్కడనుకున్నారు? మన ఎల్.బి. స్టేడియంలో! ఆస్ట్రేలియా ఆడవాళ్ళు మొట్టమొదటిసారి ప్రపంచ విజేతలైంది మన హైదరాబాద్ గడ్డ మీద. ఇంకో సంగతి విన్నారా? ఆడవాళ్ళ ప్రపంచ కప్పు 1973లోనే మొదలైంది. మగవాళ్ళది మొదలైంది 1975లో. అంటే అక్కలు ముందు, తమ్ముళ్ళు వెనక. అయినా మా ఇంట్లో గానీ, మా స్కూల్లో గానీ ఈ మాట ఎవరూ నాతో అనలేదు. 331 పరుగుల లెక్క మాత్రం పదకొండేళ్ళ వయసులోనే నాకు నోటికొచ్చింది.

మీటింగులు వద్దనను

మేకు దిగిన పిల్లని చూశాక నాకూ కోపం వచ్చింది. 'గ్రౌండ్లో మీటింగులేమిటి, పాడు మీటింగులు' అనుకున్నాను. ఆ ఆదివారం మా నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన రిటైరైన టీచరు. అంతా విని, "తల్లీ, మీటింగులు అసలే వద్దంటే ఎట్లా? నేను ఎన్టీఆర్ని చూసింది ఆ స్టేడియంలోనే కదా" అన్నారు.

1983 జనవరి 9. రామారావుగారు రాజ్‌భవన్‌లో కాకుండా ఎల్.బి. స్టేడియంలో, జనం మధ్య ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. మా నాన్నకి అప్పటికింకా పెళ్ళి కాలేదు. సూర్యాపేట నుంచి స్నేహితులతో కలిసి బస్సు టాపు మీద కూర్చుని వచ్చారట. "నాకు ఆయన బొటనవేలంత కనపడ్డాడు. అయితేనేం, నేనక్కడున్నాను" అంటారిప్పటికీ. తర్వాత 2004 మే 14న రాజశేఖరరెడ్డిగారు, 2023 డిసెంబరు 7న రేవంత్‌రెడ్డిగారు ప్రమాణ స్వీకారం చేసిందీ అక్కడే.

ఆలోచిస్తే నాన్న మాటలో న్యాయం ఉంది. పల్లెలో రచ్చబండ ఉంటుంది, గుడి ముందు ఖాళీస్థలం ఉంటుంది. కోటిమంది ఉన్న నగరంలో అందరూ ఒకచోట నిలబడాలంటే ఏదీ చోటు? స్టేడియమే! మా సరూర్‌నగర్ స్టేడియమే చూడండి. ఆటల పోటీలు అక్కడే, సభలు అక్కడే, పోలీసు ఉద్యోగాలకి దేహదారుఢ్య పరీక్షలు అక్కడే, ఎన్నికలొస్తే ఓట్ల లెక్కింపూ అక్కడే. నగరానికి అది వాకిలి లాంటిది. వాకిట్లో పిల్లలూ ఆడతారు, పెళ్ళి పందిరీ వేస్తాం, వడియాలూ ఎండబెడతాం.

అయితే పెళ్ళయ్యాక పందిరి గుంజలు పీకి, వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి ముగ్గు పెడతామా లేదా? ఆ పని ఎవరిది అన్నదే నా ప్రశ్న.

ఆ సాయంత్రం మాది

2025 సెప్టెంబరు 29. సద్దుల బతుకమ్మకి ముందురోజు. సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మని పేర్చారు. 1,354 మంది ఆడవాళ్ళు ఒకే తాళానికి, ఒకే అడుగుతో ఆడారు. రెండింటికీ గిన్నిస్ రికార్డులొచ్చాయి. నేను ఆడినవాళ్ళలో లేను లెండి, చూసినవాళ్ళలో ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ నుంచి పదకొండుమందిమి పట్టుచీరలు కట్టుకుని వెళ్ళాం. మా అత్తమ్మ కూడా వచ్చింది. మోకాళ్ళ నొప్పులని గుడికి కూడా రాని మనిషి, ఆ రోజు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది!

ఒక్క విషయం మీతో చెప్పాలి. లోపలికి అడుగుపెట్టగానే నాకు ఒళ్ళు జల్లుమంది. ఎందుకో వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది. రెండేళ్ళుగా స్టేడియాల గేట్ల దగ్గర కాపలా కాస్తున్న నేను, గేటు దాటి లోపలికి వెళ్ళడం అదే మొదలు! 'ఎందుకొచ్చారమ్మా, ఎవరు కావాలి' అని ఎవరూ అడగలేదు. కనుచూపు మేర ఆడవాళ్ళే. పసిపిల్లల్ని చంకనేసుకున్న వాళ్ళు, ఊతకర్రల వాళ్ళు, జీన్స్ ప్యాంట్ల వాళ్ళు. పక్కనున్న ముసలమ్మ "గింత జాగ ఉన్నదా బిడ్డా ఈడ!" అని నోరు తెరిచింది. ఆవిడది సరూర్‌నగరే. నలభై ఏళ్ళుగా అక్కడే ఉంటోందిట!

గిన్నిస్ రికార్డు గొప్పదే. కాదనను. కానీ ఆ ముసలమ్మ మాట నాకు దానికంటే పెద్దదిగా తోచింది. ఇంటిపక్కనే ఉన్న స్థలం మనదని తెలియడానికి నలభై ఏళ్ళూ, 63 అడుగుల బతుకమ్మా కావలసొచ్చాయి. పండగ వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున మళ్ళీ నేను గేటు బయటే!

రెండు చుట్ల దూరంలో ఉద్యోగం

మా ప్రాంతం సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్ అంటే చీరల షాపులే కాదు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్... ఎక్కడెక్కడి ఆడపిల్లలో పెట్టె సర్దుకుని ఇక్కడికొస్తారు. గదికి నలుగురైదుగురు. మంచానికీ మంచానికీ మధ్య నడవడానికి కూడా చోటుండదు. సాయంత్రం వాళ్ళకున్న గాలీ వెలుతురూ హాస్టలు డాబా మీద ఆరేసిన బట్టల మధ్యే.

గేటు దగ్గర నాకు పరిచయమైన అమ్మాయి ఒకతె ఉంది. దేవరకొండ వైపు పల్లె. కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతోంది. 2022లో మన రాష్ట్రంలో వచ్చిన పోలీసు నోటిఫికేషన్లలో ఆడపిల్లలకి 800 మీటర్ల పరుగు పెట్టారు. జనరల్ అభ్యర్థులు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఆ పరుగు దాటలేకపోతే లెక్కలు, జనరల్ నాలెడ్జీ ఎంతొచ్చినా లాభం లేదు. 400 మీటర్ల ట్రాకు మీద 800 మీటర్లంటే సరిగ్గా రెండు చుట్లు. "ఆంటీ, పుస్తకాలకి డబ్బు కట్టిన, కోచింగుకి కట్టిన. ఉరకనీకి జాగెక్కడ దొరుకుతది? రోడ్డు మీద ఉరికితే బండ్లోళ్ళు వెంటబడుతరు" అంది.

చూశారా! మనకి స్టేడియం అంటే పతకాలూ, జెండాలూ గుర్తొస్తాయి. ఆ పిల్లకి స్టేడియం అంటే నెల జీతం. ఇంటికి పంపే డబ్బు. 'పెళ్ళి చేసేస్తాం వచ్చెయ్' అనే నాన్నకి చెప్పే జవాబు. ఆ రెండు చుట్లు ప్రాక్టీసు చేసుకోవడానికి చోటు లేకపోవడం వల్ల ఎంతమంది ఆడపిల్లల ఉద్యోగాలు పోతున్నాయో ఎవరైనా లెక్కేశారా?

ఇక స్కూళ్ళ సంగతి మీకు తెలియనిదేముంది? మా ప్రాంతంలో నాలుగంతస్తుల బిల్డింగులో స్కూలు, కింద సెల్లార్‌లో బస్సులు. ఆటస్థలం ఏదంటే డాబా మీద పరిచిన పచ్చ చాప చూపిస్తారు. పి.టి. పీరియడ్ టైంటేబుల్‌లో ఉంటుంది, ఆ టైముకి లెక్కల మాస్టారు వస్తారు. పిల్లలు ఒళ్ళొచ్చేస్తున్నారనీ, కళ్ళజోళ్ళు వచ్చేస్తున్నాయనీ, నెలసరి సరిగా రావడంలేదనీ డాక్టర్ల చుట్టూ తిరిగేదీ మనమే. స్కూలుకి స్థలం లేనప్పుడు ఊరికి ఉమ్మడిగా ఉన్న స్థలమైనా పిల్లలకి అందాలి కదా!

నేను చేసిన పని

ఇంతదాకా అందరినీ అన్నాను. ఇప్పుడు నా సంగతి చెప్పకపోతే అన్యాయం.

2025 నవంబరు 2 రాత్రి. నవీ ముంబైలో మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాని ఓడించి ప్రపంచ కప్పు గెలిచారు. ఆ జట్టులో మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది. మా ఇంట్లో అర్ధరాత్రి దాకా ఎవరూ పడుకోలేదు. నేనైతే ఏడ్చేశాను. మా అమ్మాయి సోఫా ఎక్కి గెంతింది. మర్నాడు గ్రౌండ్‌కి బ్యాట్లు పట్టుకుని నలుగురు కొత్త ఆడపిల్లలొచ్చారు.

ఆ వారంలోనే మా అమ్మాయి మార్కులొచ్చాయి. లెక్కల్లో 80కి 41. స్కూల్లో పేరెంట్స్ మీటింగులో "వచ్చే ఏడాది టెన్తండీ, ఇంకా ఈ పరుగులేమిటి" అన్నారు. ఇంటికొస్తే అత్తమ్మ "నల్లబడిపోతోంది పిల్ల. రేపు ఎవరు చేసుకుంటారు?" అంది. మావారు పేపర్లోంచి తల ఎత్తకుండా "టెన్త్ అయ్యాక చూద్దాంలే" అన్నారు.

నేనేం చేశానో తెలుసా? కప్పు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టిన ఈ చేతులతోనే, వారం తిరక్కుండా మా పిల్ల స్పైక్స్ బూట్లు తీసి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాను!

అది ఏడవలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "సరే" అంది. అంతే. పొద్దున్నే అయిదింటికి నాకు అలవాటు ప్రకారం మెలకువ వచ్చేది. వెళ్ళి చూస్తే అదీ మంచం మీద కళ్ళు తెరుచుకుని ఫ్యాను వంక చూస్తూ పడుకుని ఉండేది. నెల్లాళ్ళు గడిచాయి. లెక్కల మార్కులు పెరిగాయా అంటే... ఆ నెల స్లిప్‌టెస్టులో 20కి తొమ్మిది. అంతకు ముందు పదకొండు.

ఆ రోజుల్లోనే పాత పెట్టె సర్దుతుంటే నా సర్టిఫికెట్ ఒకటి బయటపడింది. జిల్లా పరిషత్ హైస్కూలు, 200 మీటర్ల పరుగు, ప్రథమ బహుమతి. జోనల్ పోటీలకి నన్ను ఎంపిక చేశారు. మా నాయనమ్మ వద్దంది. 'నిక్కర్లేసుకుని మగపిల్లల ముందు ఉరుకుతదా' అంది. నాన్న ఏమీ మాట్లాడలేదు. ఎన్టీఆర్ని చూడ్డానికి బస్సు టాపు ఎక్కిన మనిషి, తల్లి మాటకి ఎదురు చెప్పలేకపోయారు. నేనూ "సరే" అన్నాను. అచ్చం ఇలాగే. అది 2002. ఆ డిసెంబరులోనే హైదరాబాద్‌లో జాతీయ క్రీడలు జరిగాయి. టీవీలో పరుగుపందేలు వస్తుంటే నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇన్నేళ్ళూ నాయనమ్మ మీద కోపం పెట్టుకున్నాను. పాపం, ఆవిడ చదువుకోలేదు. స్టేడియం అంటే ఏమిటో చూడలేదు. మరి నాకేమొచ్చింది? డిగ్రీ చదివాను. ఆడవాళ్ళ కష్టాల మీద కథలు రాస్తాను. చేసిన పని మాత్రం ఇద్దరిదీ ఒకటే!

ఆ సాయంత్రమే స్టూలు వేసుకుని అటక మీంచి బూట్లు దించాను.

స్కూటర్ మీద ముగ్గురు

సైనా నెహ్వాల్ కథ మీరు వినే ఉంటారు. ఎనిమిదేళ్ళ వయసులో ఆ అమ్మాయి బ్యాడ్మింటన్ నేర్చుకోవడం మొదలుపెట్టింది మన ఎల్.బి. స్టేడియంలోనే. తెల్లవారుజామున రాజేంద్రనగర్ నుంచి తండ్రి స్కూటర్ మీద తీసుకొచ్చేవాడు. వెనక కూర్చున్న పిల్ల నిద్రలో తూలి ఎక్కడ పడిపోతుందోనని తల్లి కూడా ఎక్కి కూర్చుని పట్టుకునేదట. ఆ తల్లి ఒకప్పుడు హర్యానాలో రాష్ట్రస్థాయి క్రీడాకారిణి. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కూతురు కాంస్యం గెలిచింది.

నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ కూడా అంతే. గ్రౌండ్‌లో బాక్సింగ్‌లో ఆడపిల్లలెవరూ లేకపోవడం చూసి, 'ఆడపిల్లలు బాక్సింగ్ చేయకూడదా' అని తండ్రిని అడిగిందట. ఆ ప్రశ్న అడగాలన్నా ముందు గ్రౌండ్‌లో అడుగుపెట్టి ఉండాలి కదా! 2022లో, 2023లో వరసగా రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయింది.

అందరు పిల్లలూ సైనాలూ నిఖత్‌లూ కారు. మా అమ్మాయి కూడా కాదు. జిల్లా పోటీల్లో ఆరో స్థానం దాటలేదింతవరకూ. కానక్కర్లేదు కూడా. తన కాళ్ళలో ఎంత బలముందో దానికి తెలిస్తే చాలు నాకు. ఓడిపోయి మర్నాడు మళ్ళీ వెళ్ళడం నేర్చుకుంటే చాలు. మగపిల్లలు నిండి ఉన్న చోట తల దించుకోకుండా నడిస్తే చాలు. ఇవి ఏ కోచింగ్ సెంటర్లో నేర్పుతారు చెప్పండి?

ఏం అడగాలి?

మేకు దిగిన సంఘటన తర్వాత ఏడుగురు అమ్మలం కలిసి దరఖాస్తు రాశాం. రాయడం నా వంతు. నాలుగు మాటలే.

ఒకటి: సభలు పెట్టుకోండి. కానీ ముందుగా బోర్డు మీద రాయండి. పిల్లలు చీకట్లో లేచి అంతదూరం వచ్చి వెనక్కి పోకూడదు. సభ అయ్యాక గుంతలు పూడ్చి, మేకులు ఏరాకే ఆ స్థలం అప్పజెప్పించుకోండి. స్థలం తీసుకున్నవాళ్ళ దగ్గర ముందే డిపాజిట్ పట్టుకుంటే వాళ్ళే శుభ్రం చేయిస్తారు.

రెండు: ఆడపిల్లల టాయిలెట్ తాళం తీయండి. కట్టారు, టైల్స్ కూడా వేశారు, తాళం వేసి ఉంచారు! రెండు గంటల ప్రాక్టీసులో మంచినీళ్ళు తాగకుండా ఉండే ఆడపిల్లలున్నారు, ఎందుకో మనందరికీ తెలుసు.

మూడు: సాయంత్రం ఏడున్నర దాకా లైట్లు వెయ్యండి. చీకటి పడితే మగపిల్లలు ఆడుకుంటూనే ఉంటారు, ఆడపిల్లలు ఇంటికి పోవలసి వస్తోంది.

నాలుగు: మమ్మల్ని లోపలికి రానివ్వండి. పిల్లలకి అడ్డం రాం. అంచు వెంబడి నడుస్తాం.

దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తే ఇద్దరు మావారిని పంపించమన్నారు! "మా వాళ్ళు ఆఫీసులకెళ్ళారండీ, పొద్దున అయిదింటికి ఇక్కడుండేది మేమే" అన్నాను. మూడోసారి వెళ్ళాక తీసుకున్నారు. అన్నీ జరిగిపోయాయని చెప్పను. లైట్ల సంగతి ఇంకా తేలలేదు. డిపాజిట్ మాట వినిపించుకోలేదు. కానీ టాయిలెట్ తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటోంది, అడిగితే ఇస్తున్నాడు. గేటు పక్కన నల్లబోర్డు ఒకటొచ్చింది. పొద్దున ఏడింటిదాకా మేం లోపల నడవచ్చు.

ఇప్పుడు పద్నాలుగుమందిమి నడుస్తున్నాం. గోడకి ఆని నిద్రపోయే ఆవిడ కూడా రెండు చుట్లు తిరిగి, అప్పుడు పడుకుంటోంది. మొన్న సంక్రాంతి సెలవుల్లో అత్తమ్మని కూడా తీసుకొచ్చాను. ఒక చుట్టు తిరిగి మెట్ల మీద కూర్చుంది. మనవరాలు నాలుగో చుట్టు పరుగెత్తి ముందునుంచి పోతుంటే, కళ్ళు చికిలించి చూసి, "మరీ అంత నల్లగా ఏం అవలేదులే" అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

అన్నట్టు, దేవరకొండ పిల్లకి కూడా మాతోపాటు లోపలికి దారి దొరికింది. మా అమ్మాయి దానికి ఫోన్‌లో టైము చూసి చెబుతుంది. మొదటిరోజు 800 మీటర్లకి ఆరు నిమిషాల పైన పట్టింది. ఇప్పుడు 5 నిమిషాల 34 సెకన్లు. ఇంకో 14 సెకన్లు తగ్గాలి.

మీ ఊళ్ళోనూ ఒక స్టేడియమో, హైస్కూలు గ్రౌండో, జూనియర్ కాలేజీ మైదానమో ఉండే ఉంటుంది. దాని పక్కనుంచి కూరగాయలకి వెయ్యిసార్లు నడిచి ఉంటారు. ఎప్పుడైనా లోపలికి వెళ్ళారా? పిల్లల్ని దింపి గేటు దగ్గరే ఆగిపోయారా? రేపు పొద్దున్నే ఒక్కసారి గేటు దాటి చూడండి. పక్కింటావిడని కూడా పిలవండి. ఎవరైనా 'ఎవరు కావాలమ్మా' అని అడిగితే, "ఎవరూ వద్దు నాయనా, మాకు ఈ గ్రౌండే కావాలి" అనండి.

ఏమంటారు?